మైనపు ముక్కు

"ముక్కు పెట్టుకున్నావా అన్నా?" అని తలుపవతలి నుంచి జోజి అరిచినట్టు వినిపించింది ప్రసన్న కుమార్‌కి. "ఇంకా పెట్టుకోలా!" అని లోపల్నుంచే గట్టిగా జవాబిచ్చాడు. అంతే, హాల్లో గోల మొదలైంది. "పెట్టుకోలేదంట!", "మరి ఎక్కడ పారేశాడంట?", "వ్యాన్లో చూడండబ్బా", "పాస్టరుగారింట్లో పాతదొకటి ఉండాల, ఎవరన్నా పోయి పట్టుకురండి, అదీ దొరక్కపోతే ఇయ్యాళ యూదా మూగోడే". తన ముక్కు పాస్టరుగారింట్లో ఎందుకుంటుంది, ముక్కు లేనంత మాత్రాన యూదా మూగవాడు ఎందుకవుతాడు అని ప్రసన్న కాసేపు బుర్ర గోక్కుని, ఆ చేయి కిందికి దించుతుంటే అంగీ మెడ దగ్గర చల్లగా ఏదో తగిలింది. మైకు. జోజి అడిగింది మైకు. అది మెడ కిందే బుద్ధిగా ఉంది. లేనిది ముక్కు. అది కూడా లేకపోలేదు, అరచేతిలో ఉంది, మొహం మీద లేదంతే. తలుపు తీసి ఒక్క మాట చెబితే నాటకం ఇప్పుడే మొదలైపోతుంది. ప్రసన్న తలుపు తీయలేదు. నోరు కూడా తీయలేదు. ప్రసన్న నోరు తీయలేదంటే ఈ ఊరి తెలుగువాళ్ళలో ఎవరిని అడిగినా నమ్మశక్యం కాని సంగతి అంటారు. వెతకనీ, అనుకున్నాడు. పాస్టరుగారిల్లు ఊరి చివర, బయట వాన. వాళ్ళు మైకు వెతికేలోపు నేను ఈ ముక్కు సంగతి తేల్చుకోవాలి.

చర్చి హాలు వెనక ఉన్న చిన్న వంటగది అది. ఏటా గుడ్ ఫ్రైడే మధ్యాహ్నం సిలువ నాటకానికి ఇక్కడి చర్చివాళ్ళు హాలుతో పాటు దీన్నీ ఇస్తారు. అందులో వెండి నాణేలకి ఆశపడి ప్రభువుని పట్టించే శిష్యుడు యూదా వేషం ప్రసన్నది. గోడకి అల్మరాలు, వాటిని ఇక్కడ ప్రెస్ అంటారు. వచ్చిన కొత్తలో ఎవరో "కప్పులు ప్రెస్‌లో ఉన్నాయి" అంటే, పేపరాఫీసులో కప్పులేమిటి, రేపు పొద్దున అచ్చయి వస్తాయా అని తను అడిగిన మాట ఈ ఐర్లండ్ ఊరు స్లైగోలో తెలుగువాళ్ళు ఇప్పటికీ చెప్పుకుంటారు. స్లైగోని "స్లోగా గో" అని విడగొట్టింది తనే. గుడ్ ఫ్రైడే అంటే "ఫ్రై లేని డే" అని ఉపవాసం ఉన్నవాళ్ళని నవ్వించి నీరసం తెప్పించింది తనే. భార్య మేరీ ఇక్కడ ఆస్పత్రిలో నర్సుగా ముందు వచ్చింది, తను వెనకాల వచ్చాడు, ముసలివాళ్ళ హోమ్‌లో వాళ్ళని చూసుకునే పని దొరికిన రోజున "ఇన్నాళ్ళూ కేరాఫ్ మేరీ, ఇవాళ్టి నుంచి కేరర్ ప్రసన్న" అని ఫోనులో ఊరందరికీ చెప్పాడు. మాట విరిస్తే మనిషి నవ్వుతాడు, నవ్విన మనిషి కాసేపు నీవాడు అవుతాడు, ఇంత పరాయి ఊళ్ళో అంతకంటే ఏం కావాలి. కానీ ఇప్పుడు, హీటరు పక్కన స్టూలు మీద, బొంత లాంటి గోధుమరంగు అంగీలో, అతికించిన ఎర్రగడ్డంతో కూర్చుని, అరచేతిలో మెత్తబడుతున్న మైనపు ముక్కును చూస్తుంటే ఒక్క విరుపూ నోటికి రావడం లేదు. పెద్ద ముక్కు. నడిమిన గూని, కొస కిందికి కొక్కెంలా వంగి పెదవి మీద నీడ పడేట్టు. ముక్కుతో పాటు నడుం వంచాలి, కళ్ళు సగం మూయాలి, చేతులు ఒకదాన్నొకటి కడుక్కుంటున్నట్టు రుద్దుకోవాలి, నడుముకి కట్టిన సంచీలో పాత ఐరిష్ పెన్నీలు గలగలలాడించాలి. ఆ గలగల వినపడగానే పిల్లలు "బూ" అని కాగితం ఉండలు విసురుతారు. నాటకమంతటిలో చప్పట్లు పడేది అక్కడే. ప్రభువు వేషం వేసే జోజికి కన్నీళ్ళు వస్తాయి, తనకి చప్పట్లు వస్తాయి.

ఆ ముక్కు నాన్నది. నాన్న ఎడ్వర్డ్, రేపల్లె చుట్టుపక్కల పాలేల్లో మిషను వాళ్ళ ప్రొజెక్టరు మోసుకు తిరిగినవాడు. తెల్లటి దుప్పటి, రెండు గుంజలు, జనరేటరు, డబ్బాలో రీళ్ళు. ఏ దేశంలో ఎవరు తీశారో తెలియని ఏసుక్రీస్తు బొమ్మ, మాటలు కూడా లేవు, పక్కన నిలబడి నాన్నే తెలుగులో చెప్పేవాడు. అందులో యూదా తెర మీదికి వచ్చినప్పుడల్లా నాన్న రీలు ఆపేవాడట, కాలిపోతుందని తెలిసీ ఒక్క క్షణం ఆపి, ఆ ముక్కు వంపు కళ్ళలో పెట్టుకుని, ఇంటికొచ్చి తుమ్మచెక్కలో అచ్చు తొలిచాడు. ఆ అచ్చులో మైనం నొక్కి తీస్తే తెర మీది ముక్కు పాలెంలోకి వచ్చేసింది. మిషను పోయింది, ప్రొజెక్టరు తుప్పు పట్టింది, ముక్కు మిగిలింది. పండగ నాటకంలో యూదా వేషానికి ఎవరూ ముందుకొచ్చేవాళ్ళు కాదు, ఆడవాళ్ళు శాపనార్థాలు పెడతారని, పెళ్ళికావలసిన కుర్రాళ్ళయితే మరీను. "ఎవడో ఒకడు మొయ్యాలి కదరా, సిలువ మోసేవాడికి దండలేస్తారు, దీన్ని మోసేవాడికి ఏవుందీ," అని నాన్నే వేసేవాడు. ఆట అయ్యాక ముక్కు ఊడదీసి, దీపం దగ్గర వెచ్చచేసి, రెండు చేతుల మధ్య నలిపి ముద్ద చేసేవాడు. ఆ ముద్ద గూట్లో సంవత్సరమంతా పడి ఉండేది, మళ్ళీ పండక్కి మళ్ళీ ముక్కయ్యేది. ఏటేటా కొంచెం కొత్తమైనం కలిసింది, నిజమే. కానీ ఎక్కడో ఈ ముద్ద నడిమధ్యలో నాన్న అరచేతి గీత ఒకటి ఉండే ఉంటుంది. నాన్నవి ఇంకేం తెచ్చుకున్నాడు తను? ఫొటో ఒకటి, అందులోనూ ఎండకి మొహం వెలిసిపోయింది. అచ్చు, మైనం, అంతే.

ఇందాక అబిగేయిల్ వచ్చింది. కూతురు డబ్లిన్‌లో పాత సినిమాల మీద పీజీ చేస్తోంది, సిటీవెస్ట్‌లో ముగ్గురమ్మాయిలతో గది, పండక్కని నిన్న బస్సెక్కి వచ్చింది. హోమ్‌లో తను చూసుకునే హన్నా గారిని వీల్‌చెయిర్‌లో తీసుకొచ్చే పని ప్రసన్న ఆమెకే అప్పగించాడు. వచ్చి తలుపు మూసి, తలుపుకే ఆనుకుని నిలబడింది. తెలుగు అర్థమవుతుంది, జవాబు మాత్రం ఇంగ్లీషులో, అదీ ఈ ఊరి యాసలో. "డాడీ, హన్నా ఈజ్ జూయిష్." హన్నా యూదులా? ప్రసన్నకి మొదట నవ్వొచ్చింది. "హన్నా అంటే మనోళ్ళ పేరే కదమ్మా, మన పాలెంలో గుప్పెడు మంది హన్నమ్మలు." పాలెంలో అబ్రహాములు, సమూయేళ్ళు, రిబ్కమ్మలు, ఇంటి పేరు అడగక్కర్లేకుండా పేరును బట్టే ఏ పేటవాడో, ఏ గుడికి పోతాడో తేల్చేసే దేశం నుంచి వచ్చిన మనిషి. హోమ్‌లో తలుపు మీద ఆ పేరు చూసిన మొదటిరోజే "మన హన్నమ్మగారు" అనుకున్నాడు, అదే ఖాయం చేసుకున్నాడు. గోడకి సిలువ లేదెందుకో అనిపించింది గానీ, ముసలావిడ, మేకు కొట్టేవాళ్ళు లేరేమో అనుకున్నాడు. మా సిలువ నాటకానికి రండి మేడమ్, యూదా నేనే, చూసి తీరాలి అని వారం రోజులు వెంటపడ్డాడు. ఆవిడ నవ్వి, "నువ్వు అడిగితే వస్తాను ప్రసన్న, పడవ ఎక్కమన్నా ఎక్కుతాను," అంది. యూదులు అంటే ఎవరు? బైబిల్లో ఉంటారు. ఎండలో, గాడిదల మీద, నీటి కుండలతో. స్లైగోలో ఉంటారా, పొద్దున్నే పారిడ్జ్ జావలో ఉప్పు సరిపోలేదంటారా, స్నానానికి నీళ్ళు వేడెక్కువయ్యాయని తన చేతి మీద కొడతారా?

అబిగేయిల్ చెప్పుకుపోయింది. దారిలో తను ఏం చదువుతోందో ఆవిడ అడిగిందట. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పిందట: హిట్లరు కాలంలో యూదుల మీద ద్వేషం పెంచడానికి తీసిన సినిమాలు, వాటిల్లో యూదుడి వేషం ఎలా తయారు చేశారు అన్నది. ఆవిడ కిటికీలోంచి వాన చూస్తూ చెప్పిందట. పుట్టింది వియన్నాలో. గోడల మీద ఒక మొహం అతికించి ఉండేదట, పెద్ద ముక్కుతో, చేతిలో నాణేలతో. అది ఎవరమ్మా అని తను అడిగితే వాళ్ళమ్మ "మనమేనట" అందట. తను నాన్న మొహంలోకి, ఆ గోడ మీది మొహంలోకి మార్చి మార్చి చూసి, కాదే అని ఏడ్చిందట. తండ్రికి టోపీలు కుట్టే పని తెలిసినందువల్ల ఈ దేశంలో ఒక ఫ్యాక్టరీ వాళ్ళు రానిచ్చారు. మేనమామలకి ఆ పని రాదు. వాళ్ళు రాలేదు. "మీరు ఇప్పుడు ఆ ముక్కు పెట్టుకుని బయటికొస్తే నేను ఆవిణ్ణి తీసుకుని వెళ్ళిపోతాను డాడీ," అని మెల్లగా చెప్పింది. కోపంగా చెప్పినా బావుండేది. ముక్కు మీద కోపం అని ఏదో ఒక విరుపు విరిచి తప్పించుకునేవాడు.

తప్పించుకోవడానికి వీల్లేకుండా కూతురి కంప్యూటర్లో చూసిన ఆ ఫొటో ఉంది కదా మధ్యలో. పోయిన నెల కూతురు ఇంటికి వచ్చినప్పుడు బల్ల మీద కంప్యూటరు తెరిచి పెట్టి టీ పెట్టుకోవడానికి లేచింది. తెర మీద నలుపు తెలుపులో ఒక మనిషి. వంగిన నడుము, సగం మూసిన కళ్ళు, కొక్కెం ముక్కు, ఒకదాన్నొకటి రుద్దుకుంటున్న చేతులు. ప్రసన్న అటు పోతూ చూసి ఆగిపోయి, మురిసిపోయి, "ఓసి పిచ్చిదానా, నా ఫొటో ఎప్పుడు తీశావే? బ్లాకండ్‌వైట్‌లో ఎంత బాగొచ్చింది!" అన్నాడు. పోయినేటి నాటకంలోదే అనుకున్నాడు. మేరీ కూడా వంటింట్లోంచి తొంగిచూసి "అవును, మీరే" అంది. అబిగేయిల్ కప్పు బల్ల మీద పెట్టింది. "దట్స్ నాట్ యు, డాడీ." తరువాత కూర్చోబెట్టి చెప్పింది. అది జర్మనీలో తీసిన సినిమా. ఆ నటుడు యూదుడు కాడు, ముక్కు మైనమే, గడ్డం అతికించిందే. అలాంటి వేషాలు ఒకే నటుడికి ఎన్నో వేయించారట, యూదులంతా లోపల ఒకే మనిషి అని జనానికి తోచాలని. మనుషుల్ని పట్టి తెమ్మని పోలీసుల్ని పంపే ముందు వాళ్ళకి ఆ బొమ్మ చూపించేవారట. కానీ ఆ ముక్కు వాళ్ళు కనిపెట్టింది కాదు డాడీ, అంది. చర్చి నాటకాల్లో, గుళ్ళ గోడల మీద, వందల ఏళ్ళ నుంచి యూదా మొహానికి అతికించి ఉంచినదే. జనానికి ముందే తెలుసు కాబట్టి వాళ్ళు కొత్తగా నేర్పక్కర్లేకపోయింది. తీసి వాడుకున్నారు. అప్పుడు తను ఏమన్నాడు? "మా నాన్నకి జర్మనీ ఎక్కడుందో తెలీదమ్మా" అన్నాడు. నిజమే. నాన్నకి తెలియదు. రేపల్లెలో రీలు కాలుతుందని భయపడుతూ ఒక్క క్షణం ఆపిన చేతికి ఏం తెలుసు, తను ఏది దించుకుంటున్నాడో. కానీ ఆ ఫొటో చూసి "నేనే" అని సంబరపడ్డ మొహం తనది. వియన్నాలో ఒక తల్లి అదే మొహం చూసి "మనమేనట" అంది. ఆమె నోట "అట" ఉంది. తన నోట అది కూడా లేదు.

అట. ఆ మాట ఎక్కడో విన్నాడు. అక్క. అక్కని పాలెంలో రోజీ అని పిలిచేవాళ్ళు, బాప్తిస్మం పేరు రోజీయే. రేపల్లె హాల్లో అప్పట్లో వచ్చే సినిమాల్లో క్లబ్బులో తాగి ఊగే పిల్లకి ఎప్పుడూ రోజీ అనో లిల్లీ అనో పేరు, దొంగసారా వాడి పక్కన నిలబడేవాడు ఎప్పుడూ పీటరు, వాడి మెళ్ళో సిలువ. తను కూడా ఈలలేసిన సినిమాలే. కథకి కావలసినవాళ్ళు వేరే పేర్లతో ఉంటారు, మన పేర్లతో ఉన్నవాళ్ళు మధ్యలో చచ్చిపోతారు. బడికి పోతుంటే పిల్లలు అక్క వెనక పడి ఆ క్లబ్బుపాట పాడేవాళ్ళు, నడుం ఊపి చూపించేవాళ్ళు. ఒకరోజు వానలో తడిసి ఇంటికొచ్చి గుమ్మంలో కూర్చుని "నేనేం చేశాన్రా" అని అడిగింది. నువ్వెవరివట? అని తను అడిగితే, సినిమాలో దాన్లాగ నేనూ ఉంటానంట, అంది. తొమ్మిదో తరగతితో ఆగిపోయింది. రెండేళ్ళకి నాన్నే పట్టుబట్టి మళ్ళీ బళ్ళో చేర్చాడు, కానీ ఈసారి సర్టిఫికెట్‌లో సూర్యప్రభ. సూర్యప్రభ టీచరుగా రిటైరయింది ఇప్పుడు, బెజవాడలో ఉంటుంది. వెనకనుంచి రోజీ అని పిలిస్తే ఈనాటికీ తిరిగి చూడదు. తనే ఒకసారి ఫోనులో పొరపాటున అంటే, "ఆ పేరుగలావిడ ఇక్కడ లేరండి" అని పెట్టేసింది. సొంత తమ్ముడితో. నాన్న ఆ రాత్రి అక్క పాత పుస్తకాల మీద పేరు చెరుపుతూ ఏడవడం చూశాడు తను. ఆ నాన్నే. ఆ చేతులే ఆ ముక్కూ చేశాయి. సినిమా తన కూతుర్ని ఏం చేసిందో తెలిసిన మనిషి, సినిమాలోంచి ఇంకెవరి కూతురి మీదికో పోయే మొహాన్ని తుమ్మచెక్కలో తొలుస్తున్నానని తెలియకుండా పోయాడు. ఎవరన్నా చెప్పుంటే? ఎవరు చెబుతారు నాన్నా నీకు, మన పాలెంలో వాళ్ళెవరున్నారు చెప్పడానికి? నాకున్నారు. నేను రోజూ పొద్దున తడిబట్టతో హన్నా గారి మొహం తుడుస్తాను. చొక్కా గుండీ అంత ముక్కు ఆవిడది, కొస కాస్త పైకి లేచి ఉంటుంది, జలుబు చేస్తే ఎర్రబడుతుంది, "ప్రసన్న, దాన్ని ఊడదీస్తావా ఏమిటి, నాకు అదొక్కటే ఉంది" అంటుంది. ఆ ముక్కు నా వేళ్ళకి కళ్ళు మూసుకున్నా తెలుసు. మరి ఈ వంకర ఎవరిది?

మైనం బాగా మెత్తబడింది. కిటికీ బయట వాన పక్కకి కొడుతోంది. అచ్చు అంగీ జేబులో తొడకి ఒత్తుకుంటోంది. ఇప్పుడు పెట్టుకోకపోతే నాన్నని కాదన్నట్టా? యూదా అసలు ఏం చేస్తాడు కథలో? కడరాత్రి భోజనం దగ్గర, మీలో ఒకడు నన్ను పట్టిస్తాడు అని ప్రభువు అన్నప్పుడు శిష్యులందరూ ఒకరి తరువాత ఒకరు నేనా, నేనా అని అడుగుతారు. యూదా కూడా అడుగుతాడు. ఇన్నేళ్ళుగా ఆ మాట తను ముక్కుతో, వెకిలిగా, సాగదీసి అంటాడు, హాలు నవ్వుతుంది. మిగతావాళ్ళు అడిగేటప్పుడు ఎవరూ వినరు. ఎందుకు వింటారు, మొదటి సీన్లోనే ముక్కు చూసి తేల్చేసుకున్నారు కదా ఎవరో. ఆ ముక్కు ఉన్నంతసేపూ తతిమ్మా పదకొండు మందికీ ఆ ప్రశ్నతో పని లేదు. హాల్లో కూర్చున్నవాళ్ళకి అసలే లేదు. ప్రసన్న రెండు అరచేతులూ దగ్గరికి తెచ్చాడు. నాన్న ఆట అయ్యాక చేసేవాడు, తను ఆటకి ముందు చేస్తున్నాడు, తేడా అంతే, చేసే పని నాన్నదే. వంపు పోయింది, కొస పోయింది, కొంచెంసేపటికి చేతుల్లో వెచ్చని ఉండ మిగిలింది. నడుము సంచీ విప్పి పెన్నీలు సింకు పక్కన కుమ్మరించి, ఉండని అందులో వేసి బిగించాడు. ఊపి చూశాడు. చప్పుడు లేదు. ఎర్రగడ్డం కూడా పీకేస్తే గడ్డం కింద చర్మం మండింది, కళ్ళలో నీళ్ళు అందుకే అని తనకి తనే చెప్పుకున్నాడు.

తలుపు దబదబ బాదారు. జోజి, తడిసి ముద్దయి, ప్రభువు అంగీకి బురదతో. "పాస్టరుగారింట్లో కూడా లేదన్నా! ఏం చేద్దాం?" ప్రసన్న మెడ కింది మైకు మీట నొక్కి, అతన్ని దాటి, హాల్లోకి, తెర ముందుకి వచ్చి నిలబడ్డాడు. ముందు వరసలో హన్నా గారు మోకాళ్ళ మీద దుప్పటితో, పక్కన అబిగేయిల్, వీల్‌చెయిర్ పిడి మీద చేయి ఇంకా తీయలేదు. తండ్రి మొహం చూసింది. చేయి తీసింది.

"బ్రదర్సు, సిస్టర్సు, చిన్న గందరగోళం," అన్నాడు. గొంతు హాలు గోడలకి తగిలి తిరిగొచ్చింది, మైకు పనిచేస్తోంది, అందరూ గతుక్కుమన్నారు. "మైకు నా మెళ్ళోనే ఉంది. జోజి మైకు పెట్టుకున్నావా అంటే నాకు ముక్కు పెట్టుకున్నావా అని వినపడింది. పెట్టుకోలేదన్నాను. వానలో తిప్పినందుకు క్షమించండి. మైకుంది. ముక్కు లేదు. వచ్చే ఏడు కూడా ఉండదు."

"అదేందన్నా," జోజి వెనకనుంచి, "ముక్కు లేకపోతే యూదా ఎవరో జనానికి ఎట్టా తెలుస్తది?"

"తెలీకూడదనే."

"నాన్నగారి ముక్కు కదన్నా అది."

"నాన్నగారిదే," అన్నాడు ప్రసన్న. నడుము సంచీలోని ఉండని గుప్పిట్లో పట్టుకున్నాడు. "ఎవరి మొహం చూసి చేశాడో ఆయనకి తెలీదు. అది ఎవరి మొహమూ కాదు. అట్టాంటి మనిషి ఎక్కడా లేడు. బొమ్మ చూసి మా నాన్న నమ్మాడు, మా నాన్నని చూసి నేను నమ్మాను, నన్ను చూసి మీ పిల్లలు నమ్ముతున్నారు. అంతే, ఇక్కడితో చాలు."

"ఏమంటున్నాడు?" అని హన్నా గారు ఇంగ్లీషులో అడిగింది. అబిగేయిల్ వంగి చెవిలో చెప్పబోయి, ఆగి, లేచి నిలబడి, తెలుగు రాని పిల్లలకీ, టీ పోయడానికి వచ్చిన ఇక్కడి చర్చి ఆడవాళ్ళకీ, అందరికీ వినపడేట్టు మొత్తం ఇంగ్లీషులో చెప్పింది. మైకూ ముక్కూ దగ్గర మొదలుపెట్టి చివరిదాకా, ఏమీ వదలకుండా. చెప్పడం అయ్యాక హన్నా గారు ప్రసన్న మొహంలోకి, చప్పిడి ముక్కులోకి చాలాసేపు చూసింది. నవ్వలేదు. తల మాత్రం ఊపింది, స్నానానికి నీళ్ళు సరిగ్గా ఉన్నప్పుడు ఊపినట్టు.

తెర తీశారు. బల్ల చుట్టూ ఒకే రంగు అంగీల్లో మగవాళ్ళు కూర్చున్నారు, ప్రసన్న కూడా పోయి వాళ్ళ మధ్య కూర్చున్నాడు. "మామీ, విచ్ వన్ ఈజ్ ద బ్యాడ్ వన్?" అని ఒక పిల్ల గట్టిగా అడిగింది, విసరడానికి ఉండచుట్టిన కాగితం చేతిలోనే ఉంది. పిల్ల ఆ చివరి మొహం నుంచి ఈ చివరి మొహం దాకా ఒక్కొక్కటీ చూసుకుంటూ వచ్చింది, ప్రసన్న దగ్గర కూడా మిగతావాళ్ళ దగ్గర ఆగినంతసేపే ఆగి, ముందుకి పోయింది.